సూరన్న మాస్టారి ఓడల లెక్క

కిందటి నెల క్లాంగ్ వెళ్లే బస్సు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకులు కాలిన వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. రోడ్డు తవ్వుతున్నారు, అంతే. కానీ నా రెండు చేతులూ ఒళ్లోని సంచీని గట్టిగా పట్టేసుకున్నాయి. పక్క సీట్లో అమ్మాయి నావంక వింతగా చూసింది. మలయా ఇంకా బ్రిటిష్ వాళ్ల కింద ఉన్నప్పటి ఎమర్జెన్సీ రోజుల్లో ఇదే దారిలో, ఒక కాగితాల కట్ట పట్టుకుని వెళుతుంటే నన్ను బస్సులోంచి దించారు. ఆ కాగితాలు సూరన్న మాస్టారివి.

మాస్టారు కువాలా సెలంగోర్ దగ్గర ఎస్టేటులోని తెలుగు బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన తండ్రి కళింగపట్నం వైపు నుంచి రబ్బరు గీయడానికి వచ్చినవాడు. పంతొమ్మిదో ఏట నేను అదే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పే పనిలో చేరాను. ఉత్తరాన కెడా తీరంలో తవ్వకాల్లో పాత ఇటుక కట్టడాలు, పూసలు బయటపడ్డాయని మాస్టారు ఎక్కడో చదివారు. అన్ని వందల ఏళ్ల కిందట మన తీరం నుంచి ఓడలు అక్కడికి ఎలా చేరాయి, గాలే తోసుకొచ్చిందా అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఆయన దగ్గర ఉన్నవి ఒక పెన్సిలు, నావికులు వాడే పాత గాలుల పట్టిక. ఇవాళ ఓడ ఎక్కడుందో రాయాలి. గాలి ఎటు, ఎంత అని చూసి రేపు ఎక్కడుంటుందో లెక్క కట్టాలి. ఆ రేపటి నుంచి ఎల్లుండి. అలా రోజుకో వరస చొప్పున సముద్రం దాటించాలి. బడి వదిలాక ఇద్దరం కూర్చుని ఎన్నో ఓడల్ని కాగితం మీద నడిపాం. తర్వాత నేను ఏళ్ల తరబడి కాలేజీలో చెప్పిన సంఖ్యాగణితానికి ఓనమాలు అక్కడే దిద్దుకున్నాను.

గాలికి వదిలిన ఓడలన్నీ బర్మా వైపే పోయేవి. ఒకరోజు నా ఓడ మాత్రం కెడా చేరింది. సంబరంగా చూపించాను. ఆయన వేలితో ఒక్కో వరసా దిగుతూ పన్నెండో రోజు దగ్గర ఆగారు.

"ఈ గాలి ఏటమ్మా, ఇలా తిరిగింది?"

నేను పెన్సిలు కింద పెట్టేశాను.

"ఓడను గాలి తొయ్యలేదు, పైడమ్మా. నువ్వు తోసినావు."

కోప్పడలేదు. కాగితం నా ముందుకు జరిపి, పన్నెండో రోజు నుంచి మళ్లీ కట్టమన్నారు.

తర్వాత కొన్ని నెలలకు ఆ లెక్కలన్నీ టైపు చేయించడానికి క్లాంగ్ బయలుదేరాను. దారిలో పోలీసులు బస్సు ఆపారు. అడవిలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకు బియ్యం, మందులు చేరకుండా అందరి సంచులూ వెతికేవారు. నా సంచీలో పేజీల నిండా అంకెలు. "ఎన్న ఇదు?" అంటూ ఇదేమిటని అడిగాడు తమిళ కానిస్టేబుల్. లెక్కలన్నాను. ఏం లెక్కలో చెప్పబోతే నాకే నమ్మబుద్ధి కాలేదు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు ఆ పేజీలు తిప్పుతూ, ఇది ఎవరికి పంపుతున్న రహస్య సంకేతం అని అడిగాడు. ఆ రోజుల్లో విచారణ లేకుండా లోపల వేసేవారు, లేదా ఇండియాకు ఓడెక్కించేవారు. మూడోసారి అడిగేసరికి మాస్టారి పేరు చెప్పేశాను. గంటలో ఆయన్ని జీపులో తెచ్చారు. చొక్కా బొత్తాం ఒకటి తెగి ఉంది. లోపలికి వస్తూనే నావైపు చూశారు.

"నీళ్లు తాగినావా, అమ్మా?"

నేను తలూపాను. ఆయన ఇన్‌స్పెక్టరుకు మలయ్‌లో చెప్పారు. "మమ్మల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టండి. ఓడ బయలుదేరే చోటు, పది రోజుల గాలులు మీరే రాసివ్వండి. ఇది లెక్కే అయితే ఇద్దరికీ ఒకటే రావాలి."

ఒక పోలీసు నా ఎదురుగా నిలబడ్డాడు. చేతి చెమటకు కాగితం తడిసిపోయింది. ఒక్కో అంకె రాసి, వెనక్కి వెళ్లి సరిచూసుకుని, మళ్లీ రాశాను. ఇన్‌స్పెక్టరు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఆరో రోజు వరకూ కలిశాయి. ఏడో రోజు నుంచి ఓడలు విడిపోయాయి.

"ఎవరిది అబద్ధం?"

మాస్టారు తొందరపడలేదు. కళ్లజోడు పైకి నెట్టుకుని రెండూ పోల్చి చూశారు. నాది తప్పంటే వాళ్లకు తెలిసేది కాదు.

"తప్పు నాది. గుణకారంలో పొరబడ్డాను. ఆ అమ్మాయిది సరైనది."

తన ఏడో వరస కొట్టేసి, నిలబడే అక్కడి నుంచి మళ్లీ కట్టుకుంటూ నా చివరి అంకె దగ్గరికి వచ్చారు. ఇన్‌స్పెక్టరు ఆ కొట్టివేతను చూసి, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. కాగితాల కట్ట మాత్రం తిరిగి ఇవ్వలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అన్నాను. "మీ పేరు సెప్పేసినాను, మాస్టారూ."

"మరెవల పేరు సెప్తావు? లెక్క నాదే కదా లా," అన్నారు, ఇక్కడి వాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

పోయినదంతా మళ్లీ మొదలుపెట్టాం. మలయాకు స్వాతంత్ర్యం వచ్చి మెర్దేకా జరిగిన వారంలోనే చివరి ఓడ పూర్తయింది. బయట లారీల మీద జెండాలు, కేకలు. ఎస్టేటులో అందరూ పౌరసత్వం కాగితాల గురించే మాట్లాడుకుంటున్నారు, ఈ దేశం మనదంటారా కాదంటారా అని. మా లెక్కలో మాత్రం, ఉత్త గాలి ఏ ఓడనూ కెడా చేర్చలేదు.

"అయితే ఆనాడు మనోళ్లు కావాలనే వచ్చినారా, మాస్టారూ?" అవునంటారని ఆశగా అడిగాను.

"అది లెక్క సెప్పలేదమ్మా. సుక్కాని ఎవలో పట్టినారు. ఆ పట్టినోడు మనోడో, ఎందుకొచ్చినాడో మనకి తెలీదు. అంతవరకే రాయి."

అంతవరకే రాశాను. ఆ మరుసటి ఏడు ఆయన జబ్బుచేసి పోయారు. నేను చదువుకుని, పాఠాలు చెప్పి, పరిశోధన పత్రాలు రాశాను. ఇప్పటికీ ఏది రాసినా, చివరి పేరా అయ్యాక లెక్క చెప్పని ఇంకొక్క వాక్యం రాయాలని చెయ్యి లాగుతుంది. ఆ వాక్యం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. అది రాయకుండా కుర్చీలోంచి లేవడం నాకు ఇవాళ్టికీ కష్టమే. అయినా లేస్తాను.