ఆర్డిస్ నోరు తెరిచి అడిగిన రోజు

నార్‌బెక్‌ను ఊరు అనడానికి పక్కనున్న కెల్మంట్ వాళ్లకు నోరు రాదు. ముప్పై ఎనిమిది మంది ఉన్నది ఊరేమిటని వాళ్ల ఎగతాళి. ఆ మాట ఆర్డిస్ హాగెన్ ఎదుట అనడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి. అరవై ఎనిమిదేళ్ల ఆర్డిస్ వెంటనే ఊరి కథ అందుకుంటుంది. రైలు మార్గం మూడు మైళ్ల అవతల వేస్తున్నారని తెలిసిన ఏడు, ఈ ఊరివాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. చలికాలం రాగానే ఇళ్ల కింద దుంగలు పెట్టి, గుర్రాలు కట్టి, మంచు మీద ఊరినే పట్టాల దగ్గరికి ఈడ్చుకుపోయారు. కదులుతున్న ఇంట్లో పొయ్యి ఆర్పకుండా కాఫీ కాచింది ఆమె నాయనమ్మే. తర్వాత రైలు పోయింది, గోధుమల గిడ్డంగి పోయింది, బడి పోయింది. ఊరు మాత్రం ఉంది.

ఊరితో పాటు రింక్, అంటే మంచు గడ్డ మీద ఆడుకునే షెడ్డు, కూడా ఉంది. అందులో నీళ్లు గడ్డకట్టించే యంత్రాలేమీ లేవు, బయటి చలే దిక్కు. బరువైన రాళ్లను గురి చూసి మంచు మీద జార్చే కర్లింగ్ ఆటకు ముప్పై ఏళ్లుగా అక్కడ మంచు పరిచేది ఆర్డిస్. పల్చగా నీళ్లు పట్టి, అవి గడ్డకట్టాక మళ్లీ పట్టి, చివర్లో వీపుకు డబ్బా తగిలించుకుని వేడినీటి చుక్కలు చల్లుతూ వెనక్కి నడుస్తుంది. ఆ చుక్కలు గట్టిపడితేనే ఆట రాయి చక్కగా జారుతుంది.

నార్‌బెక్‌ది ఒక వింత గుణం. ఎవరైనా జబ్బుపడితే, పిలవకుండానే నాలుగు కోత యంత్రాలు వాళ్ల చేలో దిగుతాయి. నోరు తెరిచి సాయం అడగడం మాత్రం పరువు తక్కువ. చేసినవాళ్లు చెప్పరు, అందుకున్నవాళ్లు ఆ మాట ఎత్తరు.

ఆ జనవరిలో, శుక్రవారం కర్లింగ్ పోటీలనగా మంగళవారం ఎండ కాసి రింక్‌లో మంచు అంతా కరిగిపోయింది. అదే రోజు ఆర్డిస్ తడి మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. మంచు సిద్ధం కాకపోతే పోటీలు కెల్మంట్‌కు పోతాయి. ఒకసారి పోయినదేదీ ఈ ఊరికి తిరిగి రాలేదు.

"సాయం ఏమైనా..." అని ఎదురింటి ఓర్విల్ నసిగాడు.

"విరిగింది చెయ్యి, కాళ్లు కాదుగా," అంది ఆర్డిస్.

బుధవారం చలి మళ్లీ బిగిసింది. ఆమె పొద్దున్నే ఒక పొర నీళ్లు పట్టి, ఒంటి చేత్తోనే బండి తోలుకుంటూ పట్నం ఆసుపత్రికి వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే రింక్ నిండా మడమ లోతు మంచు బురద. తలుపు దగ్గర ఐదుగురు తలలు వంచుకుని నిలబడ్డారు. ఓర్విల్ ఎవరి కంటా పడకుండా వచ్చి ఒక పొర పట్టాడట. పోస్టాఫీసు డోరీన్ ఒకటి, కుర్ర రైతు మైరన్ ఒకటి, మిగతా ఇద్దరూ చెరొకటి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు; ఒక పొర గడ్డకట్టకముందే దాని మీద ఇంకొకటి పడింది.

"పైపు గడ్డకట్టిందేమో చూద్దామని వచ్చా ఆంటీ," అన్నాడు మైరన్.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

ఇంకా తిట్టబోయి ఆగిపోయింది. వీళ్లు దొంగల్లా రావలసి వచ్చింది తన నోటికి జడిసే. సిగ్గేసింది.

"నాకు సాయం చెయ్యండి," అంది. "నావల్ల కావట్లేదు."

ఎవరూ నవ్వలేదు. డోరీన్ పార అందుకుంది. ఆర్డిస్ కుర్చీ వేసుకుని కూర్చుని పనులు పురమాయించింది. బురదంతా ఎత్తిపోసి, తలుపులు బార్లా తెరిచి చలిని లోపలికి వదిలారు. గురువారమంతా పొర మీద పొర పట్టారు. శుక్రవారం పొద్దున మైరన్ డబ్బా తగిలించుకున్నాడు.

"పాదాల కేసి కాదురా, చెయ్యి చూసుకో. పెళ్లిలో అక్షింతలు కాదు చల్లేది," అని ఆమె వెంటపడింది.

పద్నాలుగు జట్లు వచ్చాయి. కెల్మంట్ జట్టు నాయకుడు వంగి మంచును తడిమి చూశాడు.

"చెయ్యి విరిగిందన్నారు. ఇది ఎవరు పరిచారు ఆర్డిస్?"

"ఊరు," అంది ఆమె. అంత గర్వంగా తన పేరు కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆదివారం అందరూ వెళ్లిపోయాక ఓర్విల్ టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"నేనూ ఒకటి అడగాలి," అన్నాడు. "మంచు పడ్డప్పట్నుంచి చూపు ఆనట్లేదు. బండి తోలలేకపోతున్నా. వచ్చే నెల పట్నంలో ఆపరేషన్. ఎవరికీ చెప్పలేదు."

ఆర్డిస్ తన కుర్చీ అతని వైపు జరిపింది.

"ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.