నాన్న స్నానానికి ఒక జెల్ బిళ్ల

నాలుగేళ్ల క్రితం, చలికాలం. భిలాయిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాలిమర్ కెమిస్ట్రీ చెబుతున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సుజాత హైడ్రోజెల్ ఎంచుకుంది. అంటే నీటిని పీల్చుకుని ఉండే మెత్తని పదార్థం. ఆమె చేసే రకం చల్లటి నీళ్లలో ఉబ్బుతుంది, వేడి నీళ్లలో ముడుచుకుంటుంది. కానీ ముడుచుకోవడానికి గ్లాసుడు టీ తాగేంత సేపు పట్టేది.

"ప్రాజెక్టుకి సరిపోతుందమ్మా, రాసెయ్," అన్నాను.

"సరిపోదు మేడమ్. అంతసేపట్లో పాపా కాళ్లు కాలిపోతాయి."

అప్పుడు చెప్పింది. పాపా అంటే వాళ్ల నాన్న, అప్పారావుగారు. స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యారు. షుగరు వల్ల కాళ్లూ చేతులూ మొద్దుబారాయి. వేడి తెలియక నీళ్లు పోసుకుని, పాదాలకు రెండుసార్లు బొబ్బలు తెచ్చుకున్నారు. కూతురు నీళ్ల వేడి చూసి ఇస్తానంటే సిగ్గుపడి స్నానాలగది గడియ పెట్టుకుంటారు.

"థర్మామీటరు ఇవ్వలేకపోయావా?"

"నంబర్లు కనబడవు మేడమ్. రంగైతే పోల్చుకుంటారు."

జెల్‌ను పరీక్షించాం. పైపొర ముందే ముడుచుకుపోయి లోపలి నీటిని బయటికి రానివ్వడం లేదు. నీటికి దారులు కావాలి. అందుకని మిశ్రమాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టిన స్థితిలోనే జెల్ తయారయ్యేలా చేశాం. మంచు కరిగాక దాని చోట సన్నని రంధ్రాలు మిగిలాయి. మొదటి బిళ్లలు పట్టుకుంటే చితికిపోయాయి. సుజాత ఒకరోజు సింకు దగ్గర నిలబడి ఏడ్చింది. జెల్‌లోని అణువుల గొలుసుల్ని ముడివేసే క్రాస్‌లింకర్ పాళ్లు మార్చుకుంటూ పోయాం. నీళ్లు మరీ వేడెక్కితేనే ముడుచుకునేలా ఆ గొలుసుల్లో చేరే ఇంకో చిన్న అణువు, మోనోమర్, కొద్దిగా కలిపాం. చివరికి రెండు గుక్కల టీ తాగేలోపే ముడుచుకునే బిళ్ల వచ్చింది. దానికి నీలి రంగు వేసి, అడుగున ఎర్ర రంగు పూసిన చిన్న గాజు సీసాలో నీళ్లతో బిగించాం.

ఒక ఆదివారం పొద్దున వైశాలి నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. అప్పారావుగారు సీసాను బకెట్‌లో ముంచారు. నీలి బిళ్ల ముడుచుకుని చుట్టూ సీసా అడుగు ఎర్రగా కనిపించింది. రెండు చెంబుల చన్నీళ్లు కలిపి చూశారు. నీలం మళ్లీ పరుచుకుంది.

"ఫర్నేసు కాడ రంగు చూసి లోపల వేడెంతో చెప్పీవోణ్ణమ్మా," అన్నారు నాతో. "నా బకెట్లో నీళ్లేటో నాకు తెలకుండా పోనాది. సిగ్గేసీది."

స్నానాలగదిలోకెళ్లి గడియ పెట్టుకున్నారు. సుజాత తలుపు దగ్గరే నిలబడింది. కాసేపటికి ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని పాదాలు ముందుకు చాపారు.

"చూసుకో తల్లీ."

ఆమె నేలమీద కూర్చుని ఒక్కొక్క వేలూ తుడిచింది.

ఆ ప్రాజెక్టుకి నేను వేసిన మార్కులు ఇప్పుడు గుర్తులేవు. ఎవరైనా విద్యార్థి కొత్త ఆలోచనతో వస్తే మాత్రం, ఇంట్లో ఎవరెవరుంటారని ముందు అడుగుతాను.