గాలిమోటరులో మొక్కిన మొక్కు

జీవానందం బేగంపేట విమానాశ్రయంలో మనుషులను తూచేవాడు. ఆ రోజుల్లో విమానం ఎక్కబోయేవాళ్లు ఎవరైనా సరే, పెట్టెతో పాటు కాటా మీద నిలబడాల్సిందే. ఆయన ఎవరి బరువూ పైకి చదివేవాడు కాదు. చీటీ మీద రాసి, మడిచి చేతిలో పెట్టేవాడు. భయంతో వణికేవాళ్లు కనిపిస్తే, "ఏం ఫికర్ లేదమ్మా, ఊయల ఎక్కినట్టే" అని ధైర్యం చెప్పేవాడు. తాను మాత్రం ఎన్నడూ ఎక్కి ఎరగడు.

పంతొమ్మిది వందల నలభై ఏడు వేసవిలో కాటా పాడైంది. కొత్తది తెమ్మని ఆయన్నూ, సామాన్లు మోసే బల్కంపేట బుచ్చయ్యనూ మద్రాసు పంపారు. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం. కాటాను వెనకాల తాళ్లతో కట్టి, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

గంట గడిచిందో లేదో, ఎడమ పక్క ఇంజన్ టపటపమని కొట్టుకుని ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే రెక్క మీది పంకా కదలడం లేదు. విమానం ఓ పక్కకు ఒరిగింది. అమీర్‌పేట క్రైస్తవ సంఘంలో ఇరవై ఏళ్లుగా గొంతెత్తి ప్రార్థన చేసే జీవానందానికి ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు. "పరలోక..." వరకూ వచ్చి ఆగిపోయాడు.

బుచ్చయ్య రెండు చేతులూ ఎత్తి, "ఎల్లమ్మ తల్లీ, భూమ్మీద దించు, ఆషాఢంల బోనం ఎత్తిస్త!" అని అరిచాడు.

జీవానందం ఆ చేతిని ఒడిసి పట్టుకుని, తన మొక్కునూ దానికి జతచేస్తూ, "నాది సుత!" అన్నాడు.

మిగిలిన ఒక్క ఇంజన్‌తోనే పైలట్ మెల్లగా బేగంపేటలో దించాడు.

ఇంటికి చేరిన భర్తను చూసి మగ్దలీనమ్మ కాసేపు ఏడ్చింది. తేరుకుని, ఆదివారం సాయంత్రం కృతజ్ఞత కూటం అని వీధంతా చెప్పి వచ్చింది. దేవుడు ఎలా కాపాడాడో ఆయన లేచి సాక్ష్యం చెప్పాలి. ఆయనకేమో అన్నం సయించడం లేదు. అమ్మవారికి వండిన అన్నం కుండను నెత్తిన పెట్టుకుని బోనం ఎత్తేది ఆడవాళ్లు. అంటే ఆదివారపు బడిలో పిల్లలకు కీర్తనలు నేర్పే మగ్దలీనమ్మ నెత్తి మీదికే ఆ కుండ రావాలి.

శనివారం బుచ్చయ్య వచ్చి గుసగుసగా అడిగాడు. "వదినెకు చెప్పినవా అన్నా?"

"ఎట్ల చెప్పాలెరా?"

"చెప్పకు. గాలిల అన్నమాట గాలిలనే పోయిందనుకో. నేనెవ్వలికి చెప్ప."

"నువ్వు విన్నవు గదరా" అన్నాడు జీవానందం.

కూటంలో లేచి నిలబడ్డాడు. తనకు ప్రార్థన రాకపోవడమూ, బుచ్చయ్య మొక్కడమూ, తాను "నాది సుత" అనడమూ, ఏదీ దాచలేదు. చెప్పేసి తలవంచుకున్నాడు. కోస్తా నుంచి వచ్చిన పాస్టరు గారు కళ్లద్దాలు సర్దుకుని, "సుత అంటే ఏంటి జీవానందం గారూ?" అన్నారు.

మగ్దలీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నారు అందరూ.

"నన్నొక్క మాట అడగకుండ నా నెత్తిన కుండ పెట్టిండు, చూడున్రి!" అంటూ ఆమె పకపకా నవ్వేసింది. పాస్టరు గారికీ నవ్వాగలేదు.

ఆషాఢంలో బుచ్చయ్య భార్య భూలక్ష్మితో ఆమె అంది: "కుండ నేనెత్త చెల్లె, నా దేవుడు వేరే. ఆయన మొక్కుకు నువ్వే ఇంత బియ్యం ఎక్కువ పోసి వండు. నీ ఎంబడి గుడి దాకా నడుస్త."

అన్నట్టే నీళ్ల చెంబు పట్టుకుని, డప్పుల వెనక బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా నడిచింది. జీవానందం నాలుగు అడుగులు వెనకగా, ఆమె మడమలనే చూసుకుంటూ నడిచాడు.

ఆ మర్నాడు కొత్త కాటా మీద సీతాబాయి అనే ముసలామె వణుకుతూ నిలబడింది. ఊయల మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేను సుత ఎక్కిన్నమ్మా, మస్తు భయమైంది. పక్కోళ్ల చెయ్యి గట్టిగ పట్టుకోన్రి" అన్నాడు.

"పక్కకు మా ఆయనే ఉంటడు."

జీవానందం చీటీ మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "అయితే ఆయన ఏం మొక్కుతడో జర ఇనుకోన్రి."