పేరు దాచిన హెడ్డింగు వెంట: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

ఈసారి చూడాల్సిన చోట్ల కోసం బయల్దేరలేదు. ఒక హెడ్డింగు మార్పించడానికి బయల్దేరాను. చివ్వెంల దగ్గరి ఒక తండాలో ఉండే సైదులు, నలభై దాటిన మనిషి, వారం కింద ఇంట్లోంచి నడుచుకుంటూ వెళ్లి తిరిగి రాలేదు. రెండేళ్ల కింద బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయనకు దారులు గుర్తుండవు. అంతవరకు రెండు భాషలూ గడగడా మాట్లాడిన మనిషికి తెలుగు పూర్తిగా పోయింది, చిన్నప్పటి లంబాడీ ఒక్కటే మిగిలింది. ఆయన భార్య బుజ్జక్క పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అక్కడి నుంచి నా దగ్గరికి వచ్చింది. కోదాడలో నడిచే ఒక వెబ్ న్యూస్ పోర్టల్‌కు నేను వార్తలు రాస్తుంటాను. పేరు, ఊరు, నీలం గళ్ల చొక్కా, లంబాడీ తప్ప మరో మాట రాదన్న సంగతి, బుజ్జక్క ఫోన్ నంబరు అన్నీ రాసి ఫోటో పెట్టి పంపాను. రెండు రోజులు పక్కన పెట్టి ఆ తర్వాత వాళ్లు వేసిన హెడ్డింగు ఇది: "బయటికెళ్లిన భర్త.. ఆ తర్వాత ఏం జరిగిందో తెలిస్తే కన్నీళ్లు ఆగవు!" ఫోటోలో ముఖం మీద మసక, చుట్టూ ఎర్రటి గీత, పక్కన పెద్ద ప్రశ్నార్థకం. పేరు, నంబరు మూడు ప్రకటనలు దాటితే గానీ కనబడవు. భాష సంగతి తీసేశారు. ఆ పోర్టల్ పేరు ఇక్కడ రాయను, రాస్తే మీరు వెళ్లి చూస్తారు, ఆ క్లిక్కు కూడా వాళ్ల ఖాతాలోకే పోతుంది.

వెబ్ రాతలో ఇదొక పని పద్ధతి, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. హెడ్డింగులో ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్లే నొక్కుతారు. పెట్టకపోతే అది తమ ఊరేమోనని పది జిల్లాల వాళ్లు నొక్కుతారు. ముఖం కనబడితే చూసి వదిలేస్తారు, కనబడకపోతే తెరుస్తారు. దీన్ని "పాఠకుణ్ని లాగడం" అని నేర్పుతారు. నేను టీ కొట్టు బల్ల మీద దొరికే కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. చవక కాగితం, ఒకే పేజీ, పైన ఏం కావాలో, కింద ఎప్పుడు ఎక్కడికి రావాలో. సభ ఎక్కడో తెలిస్తే షాకవుతారని ఏ కరపత్రమూ రాయలేదు. అట్లా రాసి ఉంటే ఆ సభకు మైకువాడు కూడా వచ్చేవాడు కాదు.

ఉదయం ఎనిమిది దాటాక సూర్యాపేట కొత్త బస్టాండ్‌లో కోదాడ పల్లెవెలుగు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్ అయితే గంటలో చేరవచ్చు గానీ అది చివ్వెంలలో ఆగదు, బుజ్జక్క ఎక్కాల్సింది అక్కడే. ఆమె చేతిలో గుడ్డ సంచి, సంచిలో స్టీలు డబ్బా. దాంట్లో జొన్న రొట్టెలు ఉన్నాయని, ఆయన ఎక్కడ దొరికినా ముందు ఆకలి అంటాడని కూర్చోగానే చెప్పింది. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, నాకు డెబ్బైకి లోపే పడింది. కండక్టర్ ఒకావిడ, ఆధార్ కార్డు చూసి ఆగింది.

"చివ్వెంలనా అక్కా? మొన్న ఫోన్ల వచ్చింది సూడు, భర్త బయటికి పోయిండని. అది మీ దిక్కే అంటున్నరు మా డిపోల. పాపం, సచ్చిపోయిండంట కద ఆయన?"

"సచ్చిపోలే," అంది బుజ్జక్క. "నా ఇంటాయనే. దేవులాడుతున్నం."

కండక్టర్ టికెట్ మిషన్ చంకలో పెట్టుకొని పక్క సీటు అంచు మీద కూర్చుంది. "అయ్యో అక్కా, తప్పుగ అనుకోకు. కన్నీళ్లు అని రాస్తే సచ్చిపోయిండనే అనుకుంటం గద. లోపట తెరిచి సూడలే. గా ప్రకటనలన్నీ దాటుకుంట పోవాలంటే నా డ్యూటీ అయిపోతది."

వెనక సీటులో ఒక పెద్దాయన "నేను గూడ గట్లనే అనుకున్న" అన్నాడు. బస్సులో మరో ఇద్దరు తలలూపారు. బతికి ఉన్నాడో లేడో తెలియని మనిషి ఆ బస్సులో అందరికీ చనిపోయి ఉన్నాడు. బుజ్జక్క కిటికీ వైపు తిరిగింది. నాకు ఒళ్లు మండింది. కోదాడ వరకు మనసులో ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను.

పోర్టల్ ఆఫీసు కోదాడ బస్టాండ్‌కు నడిచేంత దూరంలో, ఒక మొబైల్ షాపు పైన. రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ, గోడకు పోర్టల్ బోర్డు. ఎడిటర్ నా కన్నా పదేళ్లు పెద్ద ఉంటాడు. నన్ను చూడగానే చేతులు చాచాడు.

"రా తమ్ముడూ! నీ స్టోరీ మామూలుగా ఆడట్లేదు. గ్రూపుల్నిండా అదే. ఈవిడెవరు?"

"ఆయన భార్య."

చాచిన చేతులు దించి కుర్చీ లాగి వేశాడు. నేను కూర్చోలేదు. "అన్నా, జనం ఆయన చచ్చిపోయాడనుకుంటున్నారు. పేరు పైకి తెండి. ముఖం మీది మసక తీయండి."

"పేరుతో పెడితే ఎవరు నొక్కుతారు తమ్ముడూ? నువ్వు పంపిన హెడ్డింగేంటి? చివ్వెంల తండా వాసి అదృశ్యం. తండావాళ్లు తప్ప ఎవరికి కావాలది?"

"తండావాళ్లు చాలు! దారిలో చూసిన ఒక్క మనిషి చాలు! లక్షమంది ఏడిస్తే ఆయన ఇంటికొస్తాడా?"

"ఆవేశపడకు. నీ మొదటి పేరా గుర్తుందా? రోడ్డు ప్రమాదాలు, పాలకుల నిర్లక్ష్యం, పేదోడి ప్రాణానికి విలువెంత. బాగా రాశావు, కాదన్ను. కానీ అందులో సైదులెక్కడున్నాడయ్యా? మూడో పేరాలో. నేను హెడ్డింగులో దాచాను, నువ్వు పేరాల్లో దాచావు."

ఆ మాట విననట్టే అరిచాను. మనిషి దుఃఖాన్ని అమ్ముకుంటున్నారన్నాను. ఆయన కూడా లేచాడు, ఏసీ బిల్లు ఎవడు కడతాడన్నాడు. బుజ్జక్క డబ్బా ఉన్న సంచి టేబుల్ మీద పెట్టింది.

"మీ కొట్లాట ఎనకకు పెట్టుకోండ్రి. ముందుగాల ఆయన ముఖం మీది మసక తియ్యిర్రి."

ఎడిటర్ కీబోర్డు నా వైపు జరిపాడు. బుజ్జక్కను అడుగుతూ నేనే టైపు చేశాను. "సైదులు కనబడటం లేదు. ఊరు చివ్వెంల దగ్గరి తండా. నీలం గళ్ల చొక్కా. తెలుగు రాదు, లంబాడీ ఒక్కటే మాట్లాడతాడు. చూసినవాళ్లు వెంటనే ఫోన్ చేయండి." కింద నంబరు, పైన నవ్వుతున్న ముఖం. అంతే. ఎడిటర్ చదివి పెదవి విరిచాడు.

"ఇది ఆర్టికలా, గోడ మీద కాగితమా?"

"గోడ మీద కాగితమే అన్నా."

పబ్లిష్ నొక్కాడు. పాత లింకు తీసేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. దాని పైన కొత్తది పెడతానన్నాడు, పెట్టాడు కూడా. టీ తెప్పిస్తానంటే తాగకుండా దిగి వచ్చేశాము.

బస్టాండ్ ఎదురు టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ తింటుంటే బుజ్జక్క ఫోన్ మోగింది. కోదాడ ఆఫీసు మెట్లు దిగి గంట కూడా కాలేదు. అవతలి మనిషి పేరు జానీ, మిర్యాలగూడలో ఆటో నడుపుతాడు. బుజ్జక్క స్పీకర్ పెట్టింది.

"అక్కా, ఇప్పుడే ఫోన్ల ఫోటో సూసిన. నీలం గళ్ల అంగీ ఆయన మొన్న నా ఆటో ఎక్కిండు. మిల్లుల కాడ దించిన. నువ్వు రా అక్కా, నేను సూపిస్త."

రెండు రోజుల కన్నీళ్లు చేయలేని పని ఆ నాలుగు ముక్కలు చేశాయి. బుజ్జక్క ప్లేటు పక్కన పెట్టి లేచింది. రొట్టెలు మెత్తబడతాయేమోనని డబ్బా మూత తీసి, గాలి తగలనిచ్చి మళ్లీ పెట్టింది. ఆ రోజు మొత్తంలో ఆమె ముఖంలో నవ్వు నేను చూసింది అప్పుడే.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వెళ్లాలి. నేరుగా వెళ్లే బస్సు తొందరగా దొరక్కపోతే హుజూర్‌నగర్‌లో మారడమే నయం, మేము అట్లాగే చేశాము. రెండు బస్సులకూ కలిపి నాకు వంద లోపే అయింది, రెండు గంటలు పట్టింది. కోతల కాలంలో వెళ్తే ఇంకొంత సమయం చేతిలో పెట్టుకోండి, రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోస్తారు, మిగిలిన సగంలో వడ్ల లారీలు, బస్సులు ఒకదాని వెనక ఒకటి పాకుతాయి. బుజ్జక్క ప్రతి ఊళ్లోనూ దిగినవాళ్లను, ఎక్కినవాళ్లను చూస్తూనే ఉంది.

జానీ బస్టాండ్ బయట నిలబడి ఉన్నాడు, ముప్పై ఏళ్లుంటాయి. ఆటో ఎక్కించుకొని నడుపుతూనే చెప్పాడు. "గీడనే కూసున్నడు అక్కా, పాణీ పాణీ అనుకుంట. మా బియ్యం మిల్లులల్ల బస్తాలు మోసేటోళ్లంత బీహారోళ్లే. రైలు దిగి గ్యాంగు తప్పిపోయిండు అనుకున్న. హిందీల అడిగితే తలూపిండు. నీళ్లు తాగిచ్చి, వాళ్లోళ్ల కాడ దించుదమని తీస్కపోయిన. కిరాయి గూడ తీస్కోలే."

మిర్యాలగూడలో ఎవరైనా అట్లాగే అనుకుంటారు. లంబాడీలోనూ నీళ్లను పాణి అనే అంటారు. ఆయనకు తెలుగు రాదు, లంబాడీయే వస్తుందన్న ఒక్క వాక్యం ఆ రోజు ఫోన్లలో ఉండి ఉంటే జానీ ఆటోను మిల్లుల వైపు కాదు, ఏదైనా తండా వైపు తిప్పేవాడు.

"మొదటి వార్త చూడలేదా జానీ?" అని అడిగాను.

"సూసిన భాయ్! ఆయన్ని దించి ఇంటికి పోయిన దినమే. మా ఆవిడ సదివి కండ్లు తుడ్సుకుంది. ముఖం కనబడనియ్యకపాయె. సచ్చిపోయిండనుకున్నం. సచ్చిపోయినాయన నా ఆటోల ఎట్ల కూసుంటడు?"

ఒక మిల్లు గేటు దగ్గర బీహార్ కూలీలు సైదులు ఫోటో చూసి వెంటనే గుర్తుపట్టారు. వాళ్ల హిందీని జానీ మాకు చెప్పాడు. మొన్న రాత్రి తమతో పాటే గోనె సంచుల మీద పడుకున్నాడట. మాట సరిగా అర్థం కాకపోతే తమలో ఇంకో జిల్లావాడేమో అనుకున్నారట. తెల్లారి రొట్టె పెడితే తిని, నీళ్లు కావాలని చెయ్యి చూపించి సాగర్ కాలువ వైపు నడిచాడట. జానీ మమ్మల్ని అడగకుండా ఆటోను సర్కారు దవాఖాన వైపు తిప్పాడు. బుజ్జక్క సంచిని ఒళ్లోకి తీసుకుంది.

ముందు రోజు సాయంత్రం కాలువలో దొరికాడు. కాలికి కట్టిన చీటీలో "గుర్తు తెలియని వ్యక్తి, బీహార్ కూలీగా అనుమానం" అని రాసి ఉంది. బుజ్జక్క చొక్కా చూడలేదు. నేరుగా తల మీద కుట్లు పడిన చోట చెయ్యి పెట్టింది. వంగి లంబాడీలో ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఏమన్నదో నాకు అర్థం కాలేదు, అడగాలని కూడా అనిపించలేదు. జానీ గుమ్మం దగ్గర గోడకు ఆనుకొని తల కొట్టుకుంటున్నాడు. నేనే తీసుకొచ్చిన, నేనే తీసుకొచ్చిన అంటున్నాడు. బుజ్జక్క బయటికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నీళ్లు తాగిచ్చినవ్ గద తమ్మీ," అంది.

పోలీసులు, కాగితాలు, సంతకాలతో సాయంత్రమైంది. చెట్టు కింద కూర్చున్నప్పుడు నా ఫోన్‌కు ఎడిటర్ కాల్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడాడు. దొరికాడని విన్నానని, చాలా బాధగా ఉందని, ఆవిడ ఫోటో ఒకటి ఉంటే పంపమని, హెడ్డింగు మళ్లీ మార్చాలి కదా, ఏం పెడదామని అడిగాడు. బుజ్జక్క నా ముఖం చూసి అడిగింది.

"ఏమంటుండు?"

"హెడ్డింగు మార్చాలంటున్నాడు అక్కా."

"మొదలు రాసిందే ఉండనియ్యమను. అప్పుడది అబద్ధం. ఇప్పుడు నిజమాయె."

ఫోన్ కట్ చేశాను. జానీ ఆటో వెనక సీటులో స్టీలు డబ్బా అట్లాగే ఉంది.

వెబ్‌లో జనం చదివేలా రాయడం ఎలాగని నన్ను అడిగేవాళ్లున్నారు. ఇంతకాలం నేను చెప్పిన జవాబులన్నీ పదును గురించి, ఆవేశం గురించి. కోపం తప్పని ఇప్పటికీ అనను, నా కోపం ఇంకా చల్లారలేదు. కానీ చదివించడం అంటే విషయాన్ని ఆపి ఉంచడం కాదని ఆ దారిలో చూశాను. కావాల్సిన మాటను దాచి పాఠకుణ్ని వెంట తిప్పుకునే రాత ఎవరినీ ఎక్కడికీ చేర్చదు. ఆ హెడ్డింగు జానీ ఇంట్లో ఒకామెను ఏడిపించింది. ఆ ఏడుపు నిజమైనదే. ఆమె భర్త ఆ మనిషిని అదే రోజు దించి వచ్చాడన్న సంగతి మాత్రం ఆమెకు చెప్పలేకపోయింది. ఏడ్చినవాళ్లను లెక్కపెట్టుకొని మేము బాగా రాశామనుకున్నాం.

మనిషిని వెతుక్కుంటూ ఈ దారిన వెళ్లాల్సి వస్తే పొద్దున్నే బయల్దేరండి. సూర్యాపేటలోనే జిరాక్స్ సెంటర్‌లో ఒక పేజీ తీయించుకోండి, బస్టాండ్‌ల కన్నా ముందు ఆటో అడ్డాల్లో పంచండి, కోదాడలోనూ, హుజూర్‌నగర్‌లోనూ, మిర్యాలగూడలోనూ. ఫోన్లలో పంపినా, కాగితం మీద వేసినా మొదటి వాక్యంలోనే పేరు, ఊరు, బట్టలు, మాట్లాడే భాష, నంబరు ఉండాలి. మీ బాధ రెండో వాక్యం నుంచి రాసుకోవచ్చు. ముఖం మాత్రం దాచకండి. ఆ ముఖాన్ని ఎవరో ఒకరు అప్పటికే ఆటోలో ఎక్కించుకొని ఉంటారు.