ఎర్రన్న ఇచ్చానన్న కిరాయి

అది 1984. ఇసుకతోట దగ్గర హైవేని ఆనుకుని నా వర్క్‌షాపు ఉండేది. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల, ఇద్దరు మెకానిక్‌లు, సొట్టలు తీసే ఒక టింకర్, ఒక పెయింటర్. పోర్టు కాంట్రాక్టర్ల జీపులూ, స్టీల్ ప్లాంటు కట్టడానికి వచ్చిన ఇంజనీర్ల కార్లూ వచ్చేవి. మెకానిక్ అంటే స్పానర్ పట్టుకు తిరిగేవాడని అందరూ అనుకుంటారు. యాక్సిడెంట్ బండి వచ్చిందంటే ఇనుముతో చేసే పని సగమే. మిగతా సగం ఇన్సూరెన్స్ కంపెనీతో.

ఆ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. బండి దెబ్బతినగానే కంపెనీకి కబురు పెట్టాలి. వాళ్లు సర్వేయర్‌ని పంపుతారు. నష్టం ఎంతో లెక్క కట్టే మనిషి ఆయన. ఆయన చూసేదాకా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. మేం ఎస్టిమేట్ రాసిస్తే ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసుకుంటూ పోతాడు. రబ్బరు సామాన్లకి సగం కోత, రేకులకి బండి వయసుని బట్టి కోత. దీన్ని డిప్రిసియేషన్ అంటారు. విప్పిన పాత సామాను, అంటే సాల్వేజ్, మళ్లీ వాళ్లకి చూపించాలి. ఇంత తతంగంలో నోరు లేనివాడు నెగ్గుకు రాలేడు. నాకు భగవంతుడు నోరు దండిగానే ఇచ్చాడు. అందుకే నా దగ్గరకి వచ్చినవాళ్లు బండితో పాటు గొడవ కూడా నాకే అప్పగించి వెళ్లేవారు.

ఆ ఏడాది ఎండలు ముదిరాక దేవదానం మాస్టారి అంబాసిడర్‌ని లారీకి కట్టి లాక్కొచ్చారు. మాస్టారు తగరపువలస అవతల ఒక పల్లెలో మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బుతో ఆ పాత కారు కొన్నారు. ఆయన షికార్లు చేసింది తక్కువ. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆడమనిషికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా ముందు ఆయన గుమ్మంలోకే పరిగెత్తేవారు. ఆయన చొక్కా వేసుకుంటూనే తాళాలు అందుకునేవారు. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవారు కాదు.

ప్రమాదం జరిగిన రోజు మాస్టారు ఎర్రన్న అనే రైతునీ, అతని కోడల్నీ, ఆమె పసిబిడ్డనీ పట్నంలోని ఆసుపత్రి నుంచి ఊరికి తీసుకెళుతున్నారు. ఊరి పొలిమేరలోకి వచ్చాక ఎడ్లబండి ఒకటి అడ్డంగా రోడ్డెక్కింది. మాస్టారు దాన్ని తప్పించబోయి కల్వర్టు గోడని కొట్టారు. దేవుడి దయవల్ల బిడ్డకీ తల్లికీ ఎర్రన్నకీ ఏమీ కాలేదు, మాస్టారికి నుదురు చిట్లింది. కారుకి మాత్రం ఎడమ మడ్‌గార్డు నలిగిపోయింది, రేడియేటర్ పగిలింది, ఇంజిన్ కింద ఉండే క్రాస్ మెంబర్ వంగిపోయింది. ముందు చక్రాల బరువు మోసేది అదే. అది వంగితే బండి నడవదు.

సర్వేయర్ వచ్చాడు, చూశాడు, కోతలు పెట్టాడు. అంతవరకూ మామూలే. తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. క్లెయిం రిపుడియేట్ చేశారట, అంటే ఏమీ ఇవ్వమని. కారణం, సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద మాస్టారు కారుని కిరాయికి తిప్పుతున్నారని.

మాస్టారు ఉత్తరం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "సత్యం, బాగు చేయించే శక్తి నాకు లేదు. తుక్కు కింద ఎవరైనా కొంటారేమో చూడు" అన్నారు.

"కారు సంగతి నాకొదిలీండి. అసలు కిరాయి అని ఎవడు సెప్పాడు?"

"ఎర్రన్నే చెప్పాడట. వేలిముద్ర కూడా వేశాడు."

ఒళ్లు మండిపోయింది. మర్నాడే బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. ఎర్రన్న రామమందిరం అరుగు మీద నలుగురితో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. బక్కపలచటి మనిషి, భుజం మీద మాసిన తువ్వాలు, మాటలో మాత్రం జమీందారు.

"ఏటి మావా, మాస్టారికి కిరాయి ఇచ్చేనని సెప్పీసేవట?" అన్నాను నిలబడే.

"సెప్పేను. కంపెనీ బాబు ఇక్కడికే వొచ్చి అడిగేడు. 'ఎంతిచ్చేవు' అన్నాడు. 'అడిగినంత ఇచ్చీసేను' అన్నాను. ఎర్రన్న ఒకలి బండి ఊరికినే ఎక్కుతాడేటి?"

అరుగు మీద ఉన్నవాళ్లు తలలూపారు.

"నిజంగా ఇచ్చేవా?"

"అంటే? నానేటి అడుక్కుతినీవోడినా? తువ్వాలెట్టేం, కొబ్బరికాయెట్టేం. మా ఇంటి పసిగుడ్డుని మోసుకొచ్చినోడిని ఒట్టి సేతుల్తో పంపుతామేటి?"

అప్పుడు అర్థమైంది. మా వైపు పల్లెల్లో ఒకరి బండి ఎక్కి దిగితే తాంబూలమో, కాయో, గుడ్డ ముక్కో చేతిలో పెట్టి పంపడం ఆనవాయితీ. పెట్టకపోతే ఆ ఇంటికే తలవంపు. కంపెనీ మనిషి పదిమంది మధ్యలో, అరుగు ముందు నిలబడి 'ఎంతిచ్చావు' అన్నాడు. ఎర్రన్నకి వినబడింది మాత్రం 'ఇచ్చుకోగలవా' అనే. ఊరు చూస్తుండగా 'ఏమీ ఇవ్వలేదు' అనడం కంటే ఆ మనిషి నూతిలో దూకేవాడు. తన మాటతో మాస్టారి కారు పోతుందన్న ఆలోచనే అతనికి లేదు.

ఎంత చెప్పినా వినలేదు. గొంతు పెంచాను. అతను ఇంకా పెంచాడు. ఎదురుగా తమ ఇంటి గుమ్మంలో బిడ్డనెత్తుకుని నిలబడ్డ కోడలు పైడితల్లి మా ఇద్దరినీ చూస్తూనే ఉంది. వట్టి చేతులతో తిరిగొచ్చాను.

మాస్టారికి చెబితే ఆయన నన్నే కోప్పడ్డారు. "అతన్ని వదిలెయ్యి సత్యం. నా కారు కోసం అతని పరువు తీయకు."

"మరి రేపు ఇంకో ఆడకూతురికి నొప్పులొస్తే ఎడ్లబండి మీద తీసుకెళ్తారా?" అన్నాను. ఆయన కంపెనీ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టారు. నాకు అది చాలు.

కంపెనీ బ్రాంచి జగదాంబ సెంటర్‌కి దగ్గర, ఒక మేడ మీద. ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. గుమాస్తా ఒకసారి సాహెబు లేరంటాడు, ఒకసారి ఫైలు పైకెళ్లిందంటాడు. పైకెళ్లిందంటే నేనూ పైకెళతానని అక్కడే బెంచీ మీద కూర్చునేవాణ్ణి. చివరికి నన్ను చూసి చూసి విసుగెత్తి మేనేజరు లోపలికి పిలిచాడు. గుంటూరు వైపు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు, చెడ్డవాడేమీ కాదు. ఎర్రన్న తువ్వాలు, కొబ్బరికాయ సంగతంతా ఆయనకి చెప్పాను.

"హైర్ ఆర్ రివార్డ్ అని రూలండీ. కిరాయి గానీ ప్రతిఫలం గానీ తీసుకుంటే పాలసీ వర్తించదు. తువ్వాలైనా ప్రతిఫలమే కదా?"

"మీరు పెళ్లికెళ్తే తాంబూలం పుచ్చుకుంటారు కదండీ. అది మీ జీతంలో కలుపుకుంటారా?"

ఆయన నవ్వాపుకున్నాడు. "సరే, తువ్వాలు సంగతి వదిలేద్దాం. కానీ 'అడిగినంత ఇచ్చాను' అని ఆయనే అన్నాడు. కాదని ఆయనే చెప్పాలి. నా ముందుకి తీసుకురండి."

అదే ముడి. నేను మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి అరుగు దగ్గరకి వెళ్లలేదు. పొలం గట్టు మీద ఎర్రన్న ఒక్కడూ ఉండగా పట్టుకున్నాను. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. నీ మాట వల్ల కంపెనీ డబ్బివ్వనంటోందనీ, కారు తుక్కు కింద పోతుందనీ, మాస్టారు నీ పేరు ఎత్తొద్దన్నారనీ, ఫలానా రోజున ఆఫీసుకొచ్చి ఉన్నమాట చెప్పమనీ. ఎర్రన్న గడ్డిపోచ తుంపుతూ కూర్చున్నాడు. "సూద్దాంలే" అన్నాడు, అంతే. నాకు ఆశ పుట్టలేదు.

అయినా నేను చెప్పిన రోజుకి మామా కోడలూ బిడ్డతో సహా బస్సు దిగారు. ఎర్రన్న ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఆఫీసులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బల్లల వెనక గుమాస్తాలు తలలెత్తి చూస్తున్నారు. మేనేజరు పాత స్టేట్‌మెంట్ చదివి వినిపించి, "ఇది మీరు చెప్పిందేనా?" అన్నాడు.

"నాను సెప్పిందే."

"అంటే కిరాయి ఇచ్చారు."

ఎర్రన్న తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. "ఇచ్చేం" అన్నాడు.

నోరు తెరవబోయాను. ఇంతలో పైడితల్లి తల వంచుకునే, "మావా, ఈ పసిగుడ్డు మాస్టరి కార్లోనే కదా ఇంటికొచ్చింది" అంది. పెద్దగా కూడా అనలేదు.

ఎర్రన్న ఆ బిడ్డ వైపు చూశాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు.

"ఇవ్వనేదు బాబూ. తువ్వాలూ నేదు, కాయా నేదు. ఇవ్వడానికి నాకాడ ఏటీ నేదు. ఉన్నదంతా మందులకే అయిపోనాది. మాస్టరు అడగనూ నేదు. ఆరోజు ఊరందరి ముందూ అడిగీసరికి నేదని సెప్పనేక ఇచ్చేననీసేను. రాసుకోండి. ఎర్రన్న ఊరికినే ఎక్కేడని రాసుకోండి."

మేనేజరు లేచి, తన ఎదురు కుర్చీ లాగి, "కూర్చోండి పెద్దాయనా" అన్నాడు. కొత్త స్టేట్‌మెంట్ ఆయనే స్వయంగా రాశాడు, చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నాడు. మెట్లు దిగాక టీ తాగుదాం రమ్మంటే ఎర్రన్న నా మొహం చూడకుండా బస్టాండు వైపు నడిచాడు. ఆ నడక చూస్తే నాకు ఏడుపొచ్చింది. అయినా నేను తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

క్లెయిం మళ్లీ తెరిచారు. కోతలు పోను వచ్చినదానితో కొత్త క్రాస్ మెంబర్ వేశాం, రేడియేటర్ మార్చాం, మా టింకర్ మడ్‌గార్డుని కన్నబిడ్డలా చూసుకున్నాడు. రంగు ఆరిన రోజు మాస్టారు కారు తీసుకోవడానికి వచ్చారు. వెంట ఎర్రన్న! నన్ను పలకరించకుండా నేరుగా టింకర్ దగ్గరకి వెళ్లి, మడ్‌గార్డు మీద అరచెయ్యి వేసి మొదలెట్టాడు.

"నాను ఎల్లి సెప్పేను కాబట్టి కంపెనీవోడు డబ్బిచ్చేడు. నేకపోతే ఈ బండి తుక్కే. పెద్దాఫీసరు లేచి నాకు కుర్సీ ఏసేడు, తెలుసా? మాస్టరు నా మనవడిని తీసుకొచ్చేరు. నాను మాస్టరికి ఇచ్చింది తక్కువేటి?"

టింకర్ నోరు తెరుచుకుని వింటున్నాడు. బస్సులెక్కి దిగిందీ, బెంచీ అరగదీసిందీ నేను! నోటిదాకా వచ్చింది, మాస్టారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. మింగేశాను. ఎర్రన్న ముందు తలుపు తీసుకుని మాస్టారి పక్కన దర్జాగా కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎన్నో క్లెయిములు చూశాను. సర్వేయర్లు మారారు, రూల్స్ మారాయి. నేను మార్చుకున్నది ఒక్కటే. ఏ యాక్సిడెంట్ బండి వచ్చినా, అందులో ఎక్కినవాళ్లని పదిమందిలో ఏమీ అడగను, పక్కకి పిలిచి అడుగుతాను. 'లేదు' అన్న మాట చెప్పడానికి కొందరికి ఎంత ఖర్చవుతుందో ఆ రోజు కళ్లారా చూశాను. మాస్టారి కారుకి పెద్ద మొత్తం కట్టింది కంపెనీ కాదు, ఎర్రన్న.