లేని మెట్లు

టైలరమ్మకు యాభై దగ్గరపడుతున్నాయి. వారమంతా ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతుంది. ఆదివారం తెల్లారగానే ఊరి చివర పాడుబడిన రాళ్ళ క్వారీలో మోటారుసైకిలు తోలుతుంది. మొదటి సంగతి వీధికంతా తెలుసు. రెండోది భర్తకొక్కడికే తెలుసు.

ఆ పిచ్చి తండ్రి దగ్గర అంటుకుంది. ఆయన మెకానిక్కు. బాగుచేసిన బండిని కంకర గుట్టల మీద పరీక్షిస్తూ కూతుర్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడు. "దారి లేనిచోటే బండి సంగతి తెలుస్తుందమ్మా" అనేవాడు. పిల్లకు తన సంగతే తెలిసింది. చక్రాలు నేలను వదిలిన రెప్పపాటులో ఒంట్లోని బరువంతా ఎవరో అడిగి తీసుకున్నట్టుండేది. మరుక్షణం నేల దాన్ని తిరిగి ఇచ్చేసేది, కొంచెం కోపంగా.

"ఆడపిల్లని మగరాయుడిలా పెంచుతున్నావేంటయ్యా" అని నలుగురూ నవ్వినప్పుడు తండ్రి తల దించుకోవడం ఆమె చూసింది. ఆ వంగిన మెడ ఆమెకూ వచ్చింది. పెళ్ళయ్యాక తన బండిని రెండు వీధుల అవతల, కలప అడితి వెనక రేకుల షెడ్డులో దాచింది. ఆదివారాలు క్వారీలో జరిగే మట్టి పందేల్లో గెలిచినా ఓడినా హెల్మెట్ తీసేది కాదు.

"ఎవరికీ చెప్పకండి. ఈ వయసులో ఇదేం పోయేకాలమని నవ్వుతారు" అని భర్త చేత ఒట్టు వేయించుకుంది. వీధి మలుపులో సెలూను నడిపే ఆయన చీమకు దారిచ్చి నడిచే మనిషి. "నీ గుట్టు నా కత్తిలాంటిది. మడిచి జేబులో పెట్టుకుంటా" అన్నాడు.

గుట్టు దాగింది గానీ దెబ్బలు దాగలేదు. టేపు పట్టుకుని చెయ్యెత్తితే మోచేతి పైన కమిలిన కండ కనిపించేది. "మెట్ల మీద జారాను" అనేది. గౌను కుట్టించుకోవడానికి వచ్చిన నర్సు ఒకసారి ఇల్లంతా కలయజూసింది.

"మీ ఇంటికి మెట్లెక్కడున్నాయక్కా?"

"ఇక్కడ కాదు, మా చెల్లెలింట్లో."

"వారం వారం పడటానికే వెళ్తారా అక్కడికి?" నోరు నవ్వింది గానీ నర్సు కళ్ళు నవ్వలేదు.

ఆ మాట నర్సుతోపాటు గుమ్మం దాటింది. ఎటు పోయిందో టైలరమ్మ పట్టించుకోలేదు. సెలూను ఖాళీగా ఉంటోందని భర్త అంటే, ఎండల వల్లేమో అనుకుంది.

ఒక సోమవారం భోజనం క్యారేజీ పట్టుకుని సెలూనుకు వెళ్ళింది. రిటైరైన పోస్టుమాస్టరు ఆమెకు వీపు పెట్టి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇన్నేళ్ళూ నా మెడ నీ చేతికే అప్పజెప్పానయ్యా. పెళ్ళాం మీద లేచే చెయ్యి నా గొంతు మీద కత్తి పెడితే ఇక నేను కూర్చోలేను. అబద్ధమని ఒక్క మాట చెప్పు, చాలు."

భర్త దులిపిన గుడ్డనే మళ్ళీ దులిపాడు. ఎదుటి అద్దంలో భార్య కనిపించింది. చూపు తిప్పుకున్నాడు.

ఆమె పోస్టుమాస్టర్ని దాటుకుని లోపలికి వచ్చింది. తను మెట్ల మీద జారిన ప్రతిసారీ పడుతున్నది ఈ మనిషన్నమాట.

"ఆయన నన్నేనాడూ కొట్టలేదండీ! బండి మీంచి పడ్డాను. నేను... నేను పందేల్లో తోలతాను."

పోస్టుమాస్టరు జాలిగా చూశాడు. "మెట్లయిపోయాయి, ఇప్పుడు బండా తల్లీ? ఇదీ ఇతనే నేర్పాడా?"

ఇన్నాళ్ళు అబద్ధాన్ని నమ్మించలేకపోయింది. ఇప్పుడు నిజాన్నీ నమ్మించలేకపోతోంది. "కాస్త కూర్చోండి" అని క్యారేజీ బల్ల మీద పెట్టి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

వచ్చేటప్పుడు బండి మీద వచ్చింది. నిన్నటి బురద ఇంకా వదల్లేదు. హెల్మెట్ మోచేతికి వేలాడుతోంది. వీధికి ముఖమంతా కనబడుతోంది. సెలూను పక్కన కాలువ తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి దాని మీదికి ఉరికించింది. రెండు చక్రాలూ గాలిలోకి లేచాయి. ఎప్పుడూ ఒళ్ళు తేలికయ్యే చోట ఈసారి తేలిక కాలేదు.

"ఓయమ్మో, మన టైలరమ్మే!" ఎవరో ఈలేశారు. ఎవరో పగలబడి నవ్వారు. ఇంతకాలం భయపడిన నవ్వు ఇంతే.

పోస్టుమాస్టరు ఎర్రబడ్డ ముఖంతో వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "పొరపాటైపోయిందయ్యా."

"గడ్డం ఎత్తండి సార్. ఇప్పుడు కదిలితే మాత్రం నిజంగానే తెగుతుంది" అంటూ భర్త నురగ కలిపాడు.

ఆమె గుమ్మంలో నిలబడింది. "ఎన్నాళ్ళుగా అంటున్నారండీ ఇలా?"

"రెండేళ్ళయిందేమో."

"ఒక్కసారి నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే బండి మానేస్తావుగా."

దెప్పిపొడుపు కాదు. ఎవరైనా వేళ అడిగితే చెప్పినంత మామూలుగా అన్నాడు. దెప్పినా బాగుండేది, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. అద్దంలో ఆయన ముఖం పక్కన తన ముఖం కనబడేసరికి అక్కడ ఉండలేక బయటికొచ్చి, వేడి చల్లారని బండి పక్కన నిలబడింది. ఆయన లోపలికి పిలిస్తే బాగుండుననీ, కాసేపు పిలవకుండా ఉంటే బాగుండుననీ అనిపించింది.