బారిస్టర్ గారి నల్ల ఏప్రన్

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే. దాంతో నాకు సంబంధించిన ఏ చిన్న సంగతైనా ఇంట్లో పండగే. నాకూ ఏదైనా ఇంట్లో చెప్పేదాకా మనసు ఆగేది కాదు.

పట్టా వచ్చిన ఏడాది ఎక్కడా ఉద్యోగాలు లేవు. నేపర్‌విల్‌లో ట్రైన్ స్టేషన్ పక్కనున్న చిన్న కాఫీ షాప్‌లో చేరాను. మొదటి నెలంతా జగ్గులు కడగడం, నేల తుడవడం, ఆర్డర్లు రాసుకోవడం. తర్వాత పాలకి నురగ పట్టించడం నేర్పారు. నేర్చుకునేటప్పుడు పాలు వృథా కాకుండా జగ్గులో నీళ్ళు పోసి, ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, అందులో కాఫీ మెషీన్ ఆవిరి గొట్టం పెట్టాలి. గొట్టం పైకుంటే పెద్ద పెద్ద బుడగలు, లోతుకి దిగితే వట్టి వేడినీళ్ళు. సన్నగా కాగితం చింపుతున్నట్టు చప్పుడు రావాలి. చెవితో నేర్చుకునే పని అది.

ఆరో వారం మేనేజర్ నా జగ్గులోకి తొంగి చూసి, సోమవారం నుంచి మెషీన్ నీదేనంటూ నల్ల ఏప్రన్ చేతిలో పెట్టింది. కొత్తవాళ్ళకి గోధుమరంగుది, బరిస్టాలకి, అంటే మెషీన్ మీద కాఫీ చేసేవాళ్ళకి, నల్లది.

అరోరాలో మా అపార్ట్‌మెంట్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఆరు నెలలు ఉండటానికి గుంటూరు నుంచి ఆ వారమే విమానం దిగిన నాయనమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. నా ఉద్యోగం ఏమిటో ఆవిడకింకా తెలీదు.

"నాయనమ్మా, నేను బరిస్టా అయిపోయా!"

"బారిస్టరా!" పళ్ళెం పక్కకి జరిపేసింది. "ఓసి నా తల్లీ! నల్లకోటు కూడా ఇస్తారా మరి?"

"నల్లదే ఇచ్చారు," అన్నాను నవ్వుతూ.

నాయనమ్మ నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఆ ముఖం చూశాక, అసలు సంగతి రేపు చెప్దాంలే అనుకున్నాను.

ఆదివారానికి నాయనమ్మ చెప్పగా, నేను బారిస్టర్‌నని గుడి క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోయింది. ఒక ఆంటీ కవరుతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"తెనాలిలో మా పుట్టింటి ఆస్తి కాగితాలమ్మా. తమ్ముడు సంతకం పెట్టమంటున్నాడు. పెట్టొచ్చో లేదో చూసి చెప్పు."

"ఆంటీ, యాక్చువల్‌గా నేను..."

"చూస్తుందిలేమ్మా," అంది నాయనమ్మ నా వీపు నిమురుతూ. "ఇక్కడ గోలలో ఏం చూస్తుంది, ఇంటికెళ్ళి తీరిగ్గా చూస్తుంది."

కవరు తీసుకున్నాను. నాకు తెలుగు చదవడం కూడా సరిగ్గా రాదు.

బుధవారం ఆంటీ నాయనమ్మకి ఫోన్ చేసింది. తమ్ముడు తొందర పెడుతున్నాడట, అమ్మాయి ఏమందని అడిగింది. నాయనమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. నేను బ్యాగ్‌లోంచి ఏప్రన్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. పాల మరకలున్నాయి దాని మీద.

"ఇదే నాయనమ్మా ఆ నల్లకోటు. నేను కాఫీ చేస్తాను."

ఆవిడ ఆ మరకల్ని గోటితో గీకింది.

"కాఫీ కలిపే పనైతే నేను వద్దన్నానా? ఊరందరికీ నాతో ఎందుకు చెప్పించావే?"

ఆంటీ ఇచ్చిన కవరు కూడా తీసి ఆవిడ పక్కన పెట్టాను.

ఆ సాయంత్రం గుడికి నన్ను డ్రైవ్ చేయమంది కానీ లోపలికి మాత్రం రానివ్వలేదు. చెప్పులు వదిలే చోటే నిలబడ్డాను. నాయనమ్మ ఆంటీతో అనడం తలుపు సందులోంచి వినపడింది.

"పిల్ల సరిగ్గానే చెప్పిందమ్మా. నాకే చెవులు సరిగ్గా పనిచేయట్లేదు, ఒకటి చెప్తే ఇంకోటి విన్నాను. ఈ కాగితాలు ఎవరైనా లాయరుకి చూపించుకో. అప్పటిదాకా సంతకం పెట్టకు."

నాయనమ్మకి పక్కింట్లో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కూడా వినపడేది.

తిరిగి గుంటూరు వెళ్ళేదాకా గుడిలో అందరూ ఆవిడతో గట్టిగా అరిచి మాట్లాడారు. నేను పక్కనే ఉండేదాన్ని. ఆవిడ ప్రతిసారీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నావమ్మా?" అని అడిగేది.